శుక్రవారం పలకని పెట్టె

కుప్పం,
15-9-2008

అక్కకు అంజి దండాలు.

నీ ఉత్తరం అందింది. అందులో సగం నా వంటను ఎగతాళి చేయడానికే సరిపోయింది. మిగతా సగానికి జవాబు రాస్తున్నాను.

అమ్మ బాగుంది. ఆగస్టులో పడినప్పుడు తుంటికి వేసిన కట్టు ఇంకా విప్పలేదు. నోటికి కట్టేమీ లేదు కనుక ఆమెకు పొద్దు గడిచిపోతోంది. నిన్న నేను కెలికిన రాగి సంగటిని వేలితో నొక్కి చూసి, "ఏందప్పా ఇది, తినేదానికి చేసినావా, గోడకు మెత్తేదానికా?" అంది. అని మొత్తం తినేసింది. కాబట్టి ఆ మాటను నేను పొగడ్త కిందే రాసుకున్నాను.

నీ గురించి అడిగింది. బావ కాలి పుండు మానేదాకా నువ్వు పుంగనూరులోనే ఉండి పిండిమిల్లు చూసుకోవాలని, పని వదులుకొని రానక్కరలేదని చెప్పింది. నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటి ముందున్న నా జిరాక్సు కొట్లో ఇంటర్నెట్టు పెట్టించాను. మీ ఊళ్లో కూడా ఇస్తున్నారట. ఒకసారి ఆలోచించు. నీకు తొమ్మిదో ఏట జ్వరంలో చెవులు పోయాయి. నువ్వు ఫోను ఎత్తి లాభం లేదు. అమ్మకు అక్షరం ముక్క రాదు. మీ ఇద్దరి మధ్య ఉన్నవి చిన్నప్పుడు మీరిద్దరూ కల్పించుకున్న చేతి సైగలే. వాటిని పోస్టు డబ్బాలో వేయలేం కదా. అందుకే ఇన్నేళ్లూ మీ మాటలు నా కలం గుండా నడిచాయి. కంప్యూటరు మీద చిన్న కెమెరా పెట్టుకుంటే నువ్వు అక్కడ చెయ్యి ఊపినా అమ్మకు ఇక్కడ కనపడుతుంది. నా కొట్లోని పాత కంప్యూటరు నీకు పంపిస్తాను. టైపు కొట్టడం నా దగ్గరే నేర్చుకున్నావు. ఇంకేం కావాలి?

బావను ఒప్పించే పని నీది.

నీ తమ్ముడు
ఆంజనేయులు


పుంగనూరు,
19-9-2008

ఒరే అంజీ,

సంగటి సంగతి చదివి నవ్వుకున్నాను. మరదలు అంబిక పోయి రెండేళ్లయింది. ఇంకా నీ చేతికి గెంటె పట్టుకోవడం రాలేదు. తనే ఉంటే అమ్మ ఈపాటికి లేచి నడిచేది.

మీ బావ కాలు మెల్లగా మానుతోంది. నిలబడకూడదని డాక్టరు చెప్పాడు కనుక కుర్చీలో కూర్చుని నా మీద అజమాయిషీ చేస్తున్నాడు. మిల్లు నేనే నడుపుతున్నాను. ఆ మోతకు గిరాకీలందరూ చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడతారు. నేను హాయిగా తూకం వేస్తుంటాను. ఈ పనికి నాకంటే తగిన మనిషి ఈ తాలూకాలో లేదు.

ఇక నీ ఉత్తరంలో మూడో పేరా. "పని వదులుకొని రానక్కరలేదని అమ్మ చెప్పింది" అని రాశావు. అంత పొడుగు మాట మా సైగల్లో లేదురా. మా దగ్గర 'రా' ఉంది, 'వద్దు' ఉంది. మధ్యలో కుట్టిన అల్లికంతా నీదే. అమ్మ 'రా' అందా, 'వద్దు' అందా? కోపంగా ఉందా? సూటిగా ఎప్పుడూ రాయవు.

నాకు ఒక్కటే కావాలి. ఆగస్టులో నేను బయల్దేరే రోజు అమ్మ నాకెదురుగా చేతులెత్తి ఏదో చెప్పబోయింది. అంతలో ఆటో వచ్చిందంటూ నువ్వు గదిలోకి వచ్చావు. చేతులు ఒళ్లో పెట్టేసుకుంది. ఏం చెప్పాలనుకుందో తెలియక అప్పటి నుంచి నాకు తిన్నది వంటబట్టడం లేదు. అది నీ కలం గుండా వద్దు. అమ్మ చేతులతోనే కావాలి. అందుకు నీ ఇంటర్నెట్టు పనికొస్తుందంటే ఈ రోజే పెట్టించు.

మీ బావకు చెప్పాను. ఆయన పెదవుల మీద నేను చదివింది ఇది: "దానికి ఎన్ని హెచ్పీ మోటారు?" మోటారు లేదన్నాక ఒప్పుకున్నాడు.

నీ అక్క
అమరావతి


కుప్పం,
25-9-2008

అక్కకు,

కంప్యూటరును గోనెసంచిలో కట్టి పలమనేరు మీదుగా వచ్చే బస్సు కండక్టరుకు అప్పజెప్పాను. అందినట్టు బావ ఫోను చేశాడు. "పెట్టి వచ్చింది గానీ టీవీ మాదిరి ఉండాది, పాటలొస్తాయా?" అని అడిగాడు. రావని చెబితే పంపినందుకే నా మీద కోప్పడ్డాడు.

నీకు కెమెరా ఒకటి కొనాలి. బావ కాలి కట్టుకు మదనపల్లెకు వెళ్లినప్పుడు తెమ్మను. చిన్నది, కంప్యూటరు నెత్తిన కూర్చునేది. పెళ్లిళ్లలో ఫొటోలు తీసేది కాదు. ఈ వాక్యం బావకు చదివి వినిపించు.

అమ్మకు అంతా వివరించాను. "దానికి కనపడాల్నంటే శుక్రారం సాయంత్రమే. ఆ పొద్దయితే తలకు పోసుకోని ఉంటాను" అంది. శుక్రవారం పక్కింటి రెడ్డెమ్మ వచ్చి ఆమెకు తలంటి జడ వేస్తుంది. జుట్టు రేగిన రోజున కన్న కూతురికి కూడా కనపడదట. కాబట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి. నేను పొడుగు వైరు లాగి కంప్యూటరును అమ్మ మంచం దగ్గరికి తెస్తాను.

నువ్వు మిల్లులో ఊపిరి తిప్పుకోలేకుండా ఉన్నావని అమ్మకు చెప్పాను. బిడ్డ పనిమంతురాలని సంతోషపడింది. కోపం గీపం ఏమీ లేదు. నువ్వు ఊరికే ఊహించుకోకు.

అంజి


పుంగనూరు,
5-10-2008

అంజీ,

నిన్న పాపన్న వచ్చి ఇంటర్నెట్టు పెట్టిపోయాడు. మా వీధి టెలిఫోను తీగలన్నీ చూసేది ఆయనే. నెమ్మదస్తుడు. నాకు వినపడదని తెలిసి, చెప్పేదంతా నా ముఖానికెదురుగా నిలబడి నిదానంగా చెప్పాడు. ఫోను మిల్లులో ఉంది కనుక పెట్టెను కూడా మిల్లులోనే, స్విచ్‌బోర్డు కింద బల్ల మీద పెట్టాడు. అక్కడి నుంచి లోపలి గదిలోని కంప్యూటరుకు వైరు లాగాడు. దాని పేరు రౌటరట. పుస్తకమంత పెట్టె. ముందు వరసలో బుల్లి పచ్చ లైట్లు, వెనక వైర్ల బొక్కలు. ఆఖరి లైటు వెలిగితే ఇంటర్నెట్టు ఉన్నట్టు. వెలిగింది! కంప్యూటరులో దినపత్రిక తెరిచి చూపించాడు. మీ బావ అందులో రాశిఫలాలు చదివించుకుని, "మన పేపర్లో ఉండేదే ఉండాది" అని పెదవి విరిచాడు.

కెమెరా కూడా వచ్చింది. మదనపల్లె నుంచి మీ బావ దాన్ని రుమాల్లో చుట్టి, టమాటాల సంచి పైన పెట్టుకుని తెచ్చాడు. దాన్ని మిల్లు గడపకు బిగిస్తే తవుడు ఎవరెత్తుకుపోతున్నారో తెలుస్తుంది కదా అని ఆయన ఆలోచన. లాక్కుని లోపల పెట్టాను.

బుధవారం ఆయుధపూజ. మిల్లంతా కడిగి తుడవాలి. నాకు చేతి నిండా పని. అయినా నా మనసంతా శుక్రవారం మీదే ఉంది. ఆ రోజుకు నేను కూడా తలంటుకుంటాను. రెడ్డెమ్మ జడ ముందు నా జడ తీసిపోకూడదు.

అక్క


కుప్పం,
11-10-2008

అక్కకు,

నిన్న ఏమైంది?

అమ్మ నాలుగింటికే తయారైంది. పచ్చచీర కట్టుకుని, తల కింద రెండు దిండ్లు పెట్టించుకుని, కెమెరా వైపు చూస్తూ పడుకుంది. ఆరయింది. నువ్వు రాలేదు. ఏడింటికి బావకు ఫోను చేశాను. మా సంభాషణ నీకు తెలియాలి కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"బావా, పెట్టి మీద లైట్లు వెలగతాండాయా?"

"బెమ్మాండంగా వెలగతాండాయప్పా."

"ఎన్ని వెలగతాండాయి?"

"లెక్క పెట్టలేను. శానా ఉండాయి."

"ఇంటర్నెట్టు అని రాసిన లైటు?"

"అదీ వెలగతాండాది. ఎర్రగా, పచ్చగా, మార్చి మార్చి వెలగతాండాది."

అన్నీ వెలుగుతుంటే నువ్వెందుకు కనపడలేదు? నేను అటూ ఇటూ మీటలు నొక్కి చూశాను. అమ్మ ఏమీ అనలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది. నిద్ర వచ్చి ఉంటుంది.

అంజి


పుంగనూరు,
14-10-2008

ఒరే తమ్ముడూ,

మీ బావ లెక్క పెట్టలేనన్న లైట్లు సీరియల్ సెట్టువి. పండగకు మిల్లు గడప నుంచి స్విచ్‌బోర్డు దాకా చుట్టాడు, పెట్టెను కూడా కలుపుకొని. కళ్లద్దాలు లోపల మరిచిపోయానని చెప్పుకోవడం ఇష్టం లేక నువ్వు అడిగిన ప్రతిదానికీ ఔనన్నాడు. నేను లోపల కంప్యూటరు ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాను. ఎన్నిసార్లు తెరిచినా తెల్ల కాగితమే వచ్చింది. సీరియల్ సెట్టు ఊడదీసి చూస్తే పెట్టె మీద ఆఖరి లైటు ఆరిపోయి ఉంది.

పాపన్న నిన్న వచ్చాడు. ఏవో అంకెలు కొట్టి, తల గోక్కుని, "ఎవురో లోపలుండేదంతా తుడిచేసినారమ్మా. కొత్త పెట్టి మాదిరి అయిపోయుండాది" అన్నాడు. తుడిచేదెవరు? ఈ ఇంట్లో ఉన్నది నేను, మీ బావ. నేను ముట్టలేదు. మీ బావ దాన్ని చూస్తేనే చేతులు కట్టుకుని నిలబడతాడు. ఎలుకల పనని ఆయన నమ్మకం. ఎలుకలు వైరు కొరుకుతాయి గానీ అంకెలు కొరుకుతాయా? సరే, పాపన్న ఆ అంకెలు మళ్లీ కొట్టి, వాటిని ఒక చీటీ మీద కూడా రాసిచ్చిపోయాడు. ఇప్పుడు పనిచేస్తోంది. పొద్దున కుప్పం వెళ్లే రైళ్ల వేళలు కూడా చూశాను. మా ఊరికి రైలు లేదని తెలిసి కూడా చూశాను.

అమ్మకు నిద్ర వచ్చిందని రాశావు. సాయంత్రం ఏడింటికి, పచ్చచీరలో, నిద్ర! నువ్వు అబద్ధం ఆడినప్పుడు నీ చేతిరాత గుండ్రంగా వస్తుందని నీకెవరూ చెప్పలేదా? ఏమందో రాయి.

అక్క


కుప్పం,
18-10-2008

అక్కకు,

నిన్న కూడా నువ్వు రాలేదు. ఇప్పుడు నాకు కూడా నిద్ర పట్టడం లేదు.

బావకు ఫోను చేస్తే కొత్త కారణం చెప్పాడు. "శుక్రారం పూట ఇంట్లోంచి ఏదీ బయటికి పోగూడదప్పా. పాలు పోగూడదు, ఉప్పు పోగూడదు. ఆ పెట్టికి కూడా తెలిసినట్టుండాది. వారమంతా పలకతాది, శుక్రారం మాత్రం పలకదు. మంచి లచ్చనమే" అన్నాడు. రోజు మార్చమని అమ్మను అడిగాను. రేగిన జుట్టుతో కనపడనని మొండికేసింది. మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను.

అమ్మ ఏమందో అడిగావు. రాయకూడదనుకున్నాను. "దానికి మిల్లే ఎక్కువైపోయింది. పోనీలే అప్పా, ఇంగ నాకు జడలు ఎయ్యొద్దని రెడ్డెమ్మకు చెప్పు" అంది. ఇందులో నా అల్లిక ఏమీ లేదు.

పాపన్న కోసం ఎదురుచూస్తే కుదరదు. ఆయన చేసే పని నువ్వే చేయి. కష్టమేమీ కాదు. ఇంటర్నెట్టు తెరిచే కిటికీలో పైన ఒక పొడుగు గడి ఉంటుంది. అందులో 192.168.1.1 అని కొట్టు. చుక్కలు పెట్టాలి, కామాలు కాదు. అది మన పెట్టె ఇంటి నంబరు. ఊళ్లో నెట్టు లేకపోయినా ఆ తలుపు తెరుచుకుంటుంది. పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. రెండింటికీ ఇంగ్లీషులో అడ్మిన్ అని చిన్న అక్షరాలతో కొట్టు. లోపలికి వెళ్లాక పాపన్న ఇచ్చిన చీటీలో ఉన్న అంకెలు ఆయా గళ్లలో నింపు. ఆ కిందే మీ ఇంటికి ఇచ్చిన యూజర్ నేమూ, దాని పాస్‌వర్డూ కొట్టు. ఇవి ఇందాకటి అడ్మిన్ కాదు, వేరే. కలగలపకు. చివర సేవ్ నొక్కి, పెట్టెను ఒకసారి ఆర్పి వెలిగించు. రెండు నిమిషాలు ఓపిక పట్టు. ఆఖరి లైటు వెలుగుతుంది.

తప్పు కొడితే పేలిపోతుందేమోనని భయపడకు. నా కొట్లో నేను అన్ని తప్పులూ చేసి చూశాను. పేలదు.

అంజి


పుంగనూరు,
24-10-2008, శుక్రవారం మధ్యాహ్నం

అంజీ,

దొంగ దొరికాడు!

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు రాసినట్టే చుక్కలు పెట్టి, అడ్మిన్ కొట్టి, చీటీలో అంకెలు నింపాను. సేవ్ నొక్కేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాను. పేలలేదు. ఆఖరి లైటు వెలిగింది. మీ బావ కాలి కట్టుకు వెళ్లాడు. ఇంట్లో ఎవరూ లేరు కనుక నన్ను నేనే మెచ్చుకున్నాను. నిన్న రాత్రి దాకా బాగా పనిచేసింది. ఈ రోజు శుక్రవారం కదా, పొద్దున నుంచి పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చేది ఎలుకో, దయ్యమో, లక్ష్మీదేవో చూద్దామని.

మీ బావ స్నానం చేసి, కుంటుకుంటూ కుంకుమ గిన్నెతో వచ్చాడు. శుక్రవారం మిల్లుకు బొట్టు పెట్టడం మా మామగారి కాలం నుంచీ ఉన్నదే. మోటారుకు పెట్టాడు, గింజలు పోసే తొట్టికి పెట్టాడు, తక్కెడకు, స్విచ్‌బోర్డుకు పెట్టాడు. తర్వాత పెట్టెకు పెట్టాడు. మిల్లులో కరెంటు తాగే దేన్నీ ఆయన తక్కువ చేయడు. వెనక వైపు తిప్పి అక్కడ కూడా ఒకటి పెట్టాడు. ఆ బొట్టు పెట్టిన చోట ఒక సన్న బొక్క ఉంది. తడి కుంకుమ అందులోకి దిగింది. మీ బావ సంగతి నీకు తెలుసు. బొక్క మూసుకుంటే మోటారు వేడెక్కుతుంది, అందుకే మిల్లులో ఏ బొక్కలోనూ పిండి నిలవనివ్వడు. బనీనుకున్న పిన్నీసు తీసి, గోవిందనామాలు చదువుకుంటూ, ఆ బొక్కలో గుచ్చి అదిమి తిప్పాడు. ఆయన పెదవుల మీద నామాలు అరడజను దాకా నడిచాయి. అంతలో లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాయి. ఆఖరిది మాత్రం వెలగలేదు.

నేను లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. పాపం, బెదిరిపోయాడు. తర్వాత పెట్టెతో వచ్చిన పుస్తకం తీసి బొమ్మలు చూస్తే, లోపలున్న అంకెలన్నీ చెరిపేసి మొదటికి తెచ్చే మీట ఆ బొక్కలోనే ఉంది. తెలియక నొక్కకూడదని దాన్ని లోపల దాచారట. మీ బావ నుంచి మాత్రం దాచలేకపోయారు. ఆయుధపూజ నాడూ ఇదే చేశాడు, ఆ తర్వాత రెండు శుక్రవారాలూ ఇదే చేశాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, "బొట్టు పెట్టకుండా ఎట్ల? అదొక్కటే బోసిగా ఉండేదా?" అన్నాడు. నిజమే కదా. అందుకని నా స్టిక్కరు బొట్లలో పెద్దది చూసి తీసి, ఆ బొక్క మీద గట్టిగా అంటించాను. ఇక దానికి ఎప్పుడూ బొట్టే. ఆయనా సంతోషించాడు. అంకెలు మళ్లీ కొట్టాను. ఆఖరి లైటు వెలిగింది.

ఈ ఉత్తరం నీకు చేరేలోపు నేనే నీ కంప్యూటరులో ప్రత్యక్షమవుతాను. ఇప్పుడు వెళ్లి తలంటుకోవాలి. రెడ్డెమ్మను మాత్రం మాన్పించకు.

అక్క


కుప్పం,
27-10-2008

అక్కకు,

నీ ఉత్తరం రాకముందే నువ్వు వచ్చావు. పిన్నీసు కథ ఇవాళ చదివి కొట్లో ఒక్కడినే పగలబడి నవ్వాను. జిరాక్సుకు వచ్చిన మాస్టారు నన్ను అనుమానంగా చూశాడు.

శుక్రవారం నిన్ను చూసినప్పుడు అమ్మ ముఖం నీకు సరిగా కనపడిందో లేదో. బొమ్మ మాటిమాటికీ ఆగిపోయింది కదా. నాకు పక్క నుంచి బాగా కనపడింది. ముందు కళ్లు చిట్లించింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, బుగ్గలు లోపలికి పీల్చి చూపించింది. చిక్కిపోయావని. నువ్వు చేతులు చాపి బావ పొట్ట చూపించావు. అమ్మ నవ్విన ఆ నవ్వు ఈ ఇంట్లో విని చాలా రోజులైంది అక్కా. నెట్టు ఆగినప్పుడల్లా అమ్మ చెయ్యి కూడా గాల్లో ఆపేసింది. నువ్వు కదిలేదాకా తను కూడా కదలకూడదనుకుంది.

ఆ తర్వాత నా మీద విచారణ మొదలైంది. నేను రమ్మన్నాను, వీడేమని రాశాడు అని అమ్మ. రావద్దన్నట్టు రాశాడు అని నువ్వు. నువ్వు మిల్లు వదిలి రావని చెప్పాడు అని అమ్మ. ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. అమ్మ రెండు వేళ్లు పెదవుల దగ్గర పెట్టి మెలితిప్పింది. మాటను మెలిపెట్టేవాడు. చిన్నప్పుడు బెల్లం తిని నీ మీద చెప్పినందుకు నాకు పెట్టిన పేరు అది. ముప్ఫయ్యేళ్ల తర్వాత మళ్లీ పెట్టారు. నేను మీ ఇద్దరి మనసూ నొప్పించకూడదనే చేశాను. నువ్వు బావను వదిలి రాలేవు, ఆమె కదలలేదు. 'రా' అని రాస్తే నీకు కన్నీళ్లు, 'రాలేను' అని చెబితే ఆమెకు కన్నీళ్లు. మధ్యవాడిని నేనేం చేయను?

విచారణ అయ్యాక అమ్మ నాతో, "కొట్లో ఎవురో పిలస్తాండారు, పొయ్యి సూడుపో" అంది. వెళ్లాను. కొట్లో ఎవరూ లేరు. తిరిగి వస్తే గది తలుపు దగ్గరికి వేసి ఉంది, అమ్మ మంచం మీంచే చేతికర్రతో తోసినట్టుంది. సందులోంచి చేతులు ఆడుతుండటం కనపడింది గానీ ఏం చెప్పుకుంటున్నారో తెలియలేదు. అరగంట! ఏం మాట్లాడుకున్నారు? నా సంగటి గురించి అరగంట మాట్లాడటానికి ఏముంది?

ఇంకొకటి. ఇక మీకు నాతో పని లేదు కదా. అమ్మ మాటలు రాయనక్కరలేకపోతే నేను నీకేం రాయాలి?

అంజి


పుంగనూరు,
30-10-2008

నా అంజికి,

దీపావళికి మీ బావ పెట్టె ముందు కూడా దీపం పెట్టబోతే ఆపాను. మిగతా అంతా బాగుంది.

ఏం మాట్లాడుకున్నామని అడిగావు. నీ గురించే.

ఆగస్టులో అమ్మ చేతులెత్తి చెప్పబోయి ఆపేసింది చూశావా, అది ఇదే. తన తుంటి గురించి కాదు, నేను రావడం గురించీ కాదు. తలుపు దగ్గరికి వేశాక మొదట షట్టరు దించినట్టు చెయ్యి దించింది. తర్వాత నీ సైగ పెట్టింది. కూర్చున్నట్టు చూపించింది. ఇంటి వైపు వేలు చూపి, అడ్డంగా తలాడించింది. కొట్టు మూశాక కూడా నువ్వు కొట్లోనే, చీకట్లో, ఊరికే కూర్చుంటావట. ఇంట్లోకి రావట. పిలిస్తే పని ఉందంటావట. రోజూ అంతేనట. చెబుతూ చెబుతూ అమ్మ ఏడ్చింది. నెట్టు అప్పుడే ఆగింది. ఆ ఏడుపు ముఖం చాలాసేపు అలాగే నిలిచిపోయింది. నేను దాని మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను.

ఈ ఒక్క మాట నాకు చేరడానికి రెండు నెలలు ఎందుకు పట్టిందో తెలుసా? రాసేవాడివి నువ్వే కనుక. "అంజి బాగాలేడని రాయి అంజీ" అని ఆమె నీకెలా చెబుతుంది? అందుకే నన్ను రా, రా అంది. నువ్వేమో ఆ 'రా'ను మడిచి జేబులో పెట్టుకున్నావు.

ఇన్నాళ్లూ నీ ఉత్తరాల్లో అమ్మ ఉంది, బావ ఉన్నాడు, సంగటి ఉంది. నువ్వు లేవు. నేను అంబిక పేరు ఎత్తిన ప్రతిసారీ ఆ వాక్యాన్ని దాటేసి అవతలి సంగతికి వెళ్లిపోయావు. వినపడని దాన్ని నేను, వినపడనట్టు ఉన్నది నువ్వు. నేను కూడా నవ్వుతూ వదిలేశాను. అది నాకిప్పుడు బాధగా ఉంది.

అమ్మ మాట ఇక అమ్మే చెప్పుకుంటుంది. ఆ ఉద్యోగం నీకు పోయింది. కాబట్టి నువ్వు నాకు నీ మాట రాయి. గుండ్రటి చేతిరాత వద్దు.

నీ అక్క


కుప్పం,
4-11-2008

అక్కా,

చాలా కాగితాలు చించాక ఇది రాస్తున్నాను. ఇంతకాలం ఇంకొకరి మాటలు రాయడం అలవాటైపోయింది. నావి రాయమంటే ఎక్కడ మొదలు పెట్టాలో తెలియలేదు.

కొట్టుకూ ఇంటికీ నడుమ ఉన్న తలుపు నీకు తెలుసు కదా. సాయంత్రం నేను షట్టరు దించిన చప్పుడు విని కూడా అంబిక వెంటనే వచ్చేది కాదు. లోపల గిన్నెలు సర్దుకుని, పొయ్యి తుడుచుకుని, తీరిగ్గా ఆ తలుపు తోసి, "ఇంగా ఎందుకు ఆడే కూసోనుండావు? రాకూడదా?" అనేది. నేను కావాలనే కూర్చునేవాణ్ణి, ఆ మాట అనిపించుకోవడానికి.

ఇప్పుడు కూడా షట్టరు దించి కూర్చుంటే తను లోపల ఏదో పని చేసుకుంటున్నట్టే ఉంటుంది. తలుపు తీసుకుని నేనే వెళితే లేదని తెలుస్తుంది. అందుకని వెళ్లను. ఇంతే అక్కా. వేరే జబ్బేమీ లేదు. చాలా బాధగా ఉంటుంది, అంతే.

ఇది అమ్మకు చెబుదామని నిన్న ఆమె మంచం దాకా వెళ్లాను. "ఏమప్పా?" అంది. కాఫీ తాగుతావా అని అడిగి వచ్చేశాను. పక్క గదిలో ఉన్న అమ్మకు చెప్పడం నా వల్ల కాలేదు. ఈ మాట పుంగనూరు మీదుగా పోవలసిందే. శుక్రవారం నువ్వు చెప్పు. నేను రాసింది రాసినట్టే చెప్పు. ఏమీ కలపొద్దు, ఏమీ తీసెయ్యొద్దు.

నువ్వు చెబుతున్నప్పుడు నేను కొట్లో ఉండను. అమ్మ మంచం పక్కనే కూర్చుంటాను.

అంజి